ఓడలో ఇంజనీరు పని, ఒడ్డున కులం పని

మురుగు కాలువలోనో సెప్టిక్ ట్యాంకులోనో ఊపిరాడక మనుషులు చనిపోయిన ప్రతిసారీ మనకు ఒకే సమాధానం వినిపిస్తుంది: యంత్రాలు రావాలి. ప్రభుత్వం ఆ మాటే అంటుంది, న్యాయస్థానాలు ఆ మాటే అంటాయి, సానుభూతి గల మధ్యతరగతి కూడా ఆ మాట అని తృప్తిపడుతుంది. 2019 నుంచి 2023 వరకు ఐదేళ్ళలో ఈ పనిలో 377 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. కనుక యంత్రాలు రావాలన్నదానిలో వివాదం లేదు. వివాదమల్లా యంత్రం వచ్చిన తర్వాతి రోజు గురించే. యంత్రం మొరాయిస్తుంది. మలాన్ని మోసే యంత్రమైతే మరీ తరచుగా మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని విప్పి లోపల చెయ్యి పెట్టవలసిన క్షణం ఒకటి వస్తుంది. ఆ చెయ్యి ఎవరిది, ఏ షరతుల మీద అక్కడికి వెళ్తుంది అన్న ప్రశ్నను ‘యాంత్రీకరణ’ అనే మాట సులువుగా దాటవేస్తోంది.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన చోటు ఒకటుంది. అది ఓడ. మానవ విసర్జనను మనిషి తాకకుండా తరలించడానికి కనిపెట్టిన ఏర్పాట్లలో ఓడల్లోని వాక్యూమ్ మరుగుదొడ్డి బాగా పరిణతి చెందినది. కొన్నేళ్ళు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసిన ఈ వ్యాసకర్తకు దానితో దగ్గరి పరిచయమే ఉంది. అది చెడిపోయే తీరూ, దాన్ని బాగుచేసే తీరూ కాస్త వివరంగా చెప్పుకుంటే తప్ప కులం ఎక్కడ దాగి ఉందో బయటపడదు. కనుక పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

ఇంట్లోని మరుగుదొడ్డిని నీరు నడిపిస్తుంది. ఒక్కసారి మీట నొక్కితే ఆరు నుంచి పది లీటర్ల నీరు దూకి, ఉన్నదాన్ని పల్లం వైపు తోసుకుపోతుంది. సముద్రం మీద ఈ పద్ధతి అంతగా చెల్లదు. మంచినీరు అక్కడ మోసుకెళ్ళవలసిన సరుకు, లేదా ఉప్పునీటి నుంచి తయారు చేసుకోవలసిన సరుకు. ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే గొట్టాల వాలును నమ్ముకోలేం. పైగా వాడి వదిలిన ప్రతి లీటరుకూ ఓడలోనే ఎక్కడో చోటు చూపించాలి. అందుకని నీరు చేసే పనిని గాలికి అప్పగించారు. 1950లలో స్వీడన్‌కు చెందిన జోయెల్ లిల్యెన్‌డాల్ ఈ పద్ధతిని రూపొందించాడు. ఒక పంపు గొట్టాలలోని గాలిని తోడేస్తూ, లోపలి పీడనాన్ని బయటి పీడనంలో సుమారు సగానికి దించి ఉంచుతుంది. మీట నొక్కగానే గిన్నె అడుగున ఉన్న వాల్వు రెండు మూడు సెకన్లపాటు తెరుచుకుంటుంది. గదిలోని గాలి ఆ రంధ్రంలోకి ఉరుకుతూ ఉన్నదాన్నంతా తనతో లాక్కుపోతుంది. గిన్నె కడగడానికి ఒక లీటరు, మహా అయితే ఒకటిన్నర లీటరు నీరు చాలు. గాలి లాగుతుంది గనుక గొట్టం సన్నగా ఉండవచ్చు. కిందికే కాదు, పైకి కూడా పోవచ్చు. చివర సూక్ష్మజీవుల సాయంతో మురుగును శుద్ధిచేసే యంత్రం ఉంటుంది. విమానంలో మీట నొక్కినప్పుడు వినిపించే హోరు ఈ సూత్రానిదే. మన వందేభారత్ రైళ్ళలోకి కూడా ఇది వచ్చింది.

ఇంత చక్కని ఏర్పాటు దాదాపు ప్రతిరోజూ ఏదో ఒక మూల చెడుతుంది. ఓడెక్కిన కొత్త ఇంజనీరు ముందుగా నేర్చుకునేది గేజిని చదవడం. పంపు కాసేపు నడవాలి, కాసేపు ఆగాలి. అది ఆగకుండా నడుస్తున్నా గేజి ముల్లు చేరవలసిన చోటికి చేరకపోతే ఎక్కడో గాలి చొరబడుతోందని అర్థం. వందల గదులున్న ఓడలో ఆ ‘ఎక్కడో’ను పట్టుకోవడం ఒక విద్య. గొట్టాలు పంపు నుంచి శాఖలుగా విడిపోతాయి. ఒక్కో శాఖ వాల్వును మూసి గేజి వైపు చూడాలి. ఏ శాఖను మూసినప్పుడు ముల్లు కోలుకుంటుందో దోషం ఆ శాఖలో ఉన్నట్టు. తర్వాత ఆ డెక్కు మీదికి వెళ్ళి ప్రతి తలుపు దగ్గరా చెవి ఒగ్గాలి. సన్నని ఈల వినిపించిన గదిలో వాల్వు పూర్తిగా మూసుకోలేదు. దాని రబ్బరు అరిగి ఉంటుంది, లేదా మధ్యలో పళ్ళు కుట్టుకునే పుల్లో, తడి కాగితపు గుడ్డో, దూదిపుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఒక్క గిన్నె మాత్రమే ఖాళీ కాకపోతే లెక్క వేరు. మీట నుంచి వాల్వుకు వెళ్ళే సన్నని గాలిగొట్టం ఊడిందా, చీలిందా అని ముందు చూడాలి. గిన్నె ఖాళీ అవుతూ నీరు మాత్రం రాకపోతే నీటి వాల్వు ముందున్న చిన్న జల్లెడలో తుక్కు చేరి ఉంటుంది. ఒక వరుసలోని గదులన్నీ ఒకేసారి మొరాయించాయంటే గొట్టమే పూడిపోయింది, అదీ సాధారణంగా వంపు తిరిగిన చోట.

అన్నిటికన్నా మొండిది గార. మూత్రంలోని లవణాలు గొట్టం గోడలకు పట్టి రాయిలా గట్టిపడతాయి. కడగడానికి సముద్రపు నీరు వాడే ఓడల్లో ఇది మరీ వేగంగా పేరుకుంటుంది. అరచేతి వెడల్పు కూడా లేని గొట్టం కొన్నేళ్ళలో వేలు దూరేంత సన్నబడుతుంది. దీనికి మందు యాసిడ్. అదీ తగిన మోతాదులో, క్రమం తప్పకుండా. ఈ రోగానికి సంపన్నులన్న గౌరవమేమీ లేదు. నాలుగు వేల మందికి పైగా సిబ్బంది ఉండే అమెరికా విమానవాహక నౌకల్లో వాక్యూమ్ మరుగుదొడ్లు పదేపదే పూడిపోతున్నాయని, ఒక్కసారి యాసిడ్‌తో కడిగించడానికి సుమారు 4 లక్షల డాలర్లు అవుతోందని ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో నివేదించింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన యుద్ధనౌకకు కూడా మలం గురించి ఆలోచించక తప్పలేదన్నమాట.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ఒక చిన్న సంగతి ఉంది. గొట్టాల్లో యాసిడ్ ఉన్న సమయంలో గిన్నె కడిగే మనిషి బ్లీచింగ్ ద్రావణం పోస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచింగ్ ఎక్కువైతే శుద్ధి యంత్రంలోని సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయి. అంటే గిన్నె కడిగే మనిషీ, గొట్టం విప్పే మనిషీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఆ ఇద్దరి మధ్య దూరం గురించి తర్వాత చెప్పుకుందాం.

పుల్లనో, గారనో బయటికి తీయాలంటే చివరకు గొట్టం విప్పాలి. ఆ పని చేసేది ఎవరు? వాణిజ్య నౌకల్లో చాలావరకు మూడో ఇంజనీరో నాలుగో ఇంజనీరో, అతడి వెంట ఫిట్టరు. విప్పే ముందు పంపు ఆపి, దాని స్విచ్చుకు తాళమో, ముట్టుకోవద్దన్న చీటీయో తగిలిస్తారు. శాఖ వాల్వులు మూస్తారు. గదుల తలుపులకు కాగితాలు అంటిస్తారు. ఏం చేయబోతున్నారో, ఏ ప్రమాదం ఉందో అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటారు. చేతులకు పొడవాటి తొడుగులు, ముఖానికి కవచం ఉంటాయి. పని ముగిశాక అతడు స్నానం చేసి, ఉతికిన బట్టలు తొడుక్కుని భోజనశాలకు వెళ్తాడు. కెప్టెన్ కూర్చునే భోజనశాలే అది. ఎవరూ కుర్చీ పక్కకు జరుపుకోరు. అతడి గ్లాసు వేరుగా ఉండదు. ఏ డెక్కు మీద, ఏ గదిలో, ఏ వాల్వు మార్చారో, విడిభాగాల్లో ఇంకా ఎన్ని మిగిలాయో రికార్డుల్లో చేరుతుంది. ఓడ దిగిపోయేటప్పుడు తన స్థానంలో వచ్చే ఇంజనీరుకు రాసిచ్చే అప్పగింత పత్రంలో ఈ మరుగుదొడ్ల చరిత్ర కూడా ఉంటుంది. ఆ రోజులన్నీ తర్వాతి పరీక్షకు కావలసిన సముద్ర సేవగా లెక్కకొస్తాయి.

విశాఖపట్నం నుంచీ కాకినాడ నుంచీ హైదరాబాద్ నుంచీ ఏటా యువకులు ఈ ఉద్యోగాలకు వెళ్తున్నారు. లక్షల రూపాయల ఫీజు కట్టగలిగిన కుటుంబాల నుంచి వచ్చినవారు వారిలో చాలామంది. అన్ని కులాల వారూ ఉన్నారు. శుచి శుభ్రత పేరిట తరతరాలుగా మరొకరిని గుమ్మం అవతల నిలబెట్టిన కులాల వారూ ఉన్నారు. ఓడలో ఏ సంకోచమూ లేకుండా గొట్టం విప్పిన ఆ యువకుడే సెలవు మీద ఇంటికొస్తాడు. ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు పొంగుతుంది. అతడికి ఆ దోషం ఎక్కడుందో చాలామందికన్నా బాగా తెలుసు. అయినా అతడు దాని దగ్గరికి వెళ్ళడు. ఫోన్ చేసి ఒకరిని పిలిపిస్తాడు. వచ్చిన మనిషికి పెరటి దారి చూపిస్తారు. మంచినీళ్ళు అడిగితే ఏ పాత్రలో ఇస్తారో ఈ పేజీ చదివేవారికి వివరించనవసరం లేదు. ముక్కు అదే, చేతులు అవే, మలం కూడా అదే. మారింది ఒడ్డు.

‘అసహ్యం సహజం, అందుకే ఆ పని ఎవరూ చేయరు, అలవాటున్నవారే చేస్తారు’ అనే వాదన చదువుకున్నవారి నోట కూడా వస్తుంటుంది. ఆ వాదన ఓడలో నిలబడదు. అసహ్యం సహజమే కావచ్చు. కానీ అది జీతానికి, రక్షణకు, హోదాకు, నైపుణ్యమన్న గుర్తింపుకు లొంగిపోతుందని వేలమంది ఇంజనీర్లు రోజూ రుజువు చేస్తున్నారు. దేనికీ లొంగనిది అంటు అనే భావన. దానికి ముక్కుతో సంబంధం లేదు. పని మురికిదై, చేసే మనిషి కూడా ఆ పనితో పాటే శాశ్వతంగా మురికివాడవుతాడన్న నమ్మకం అది. 1936లో కుల నిర్మూలన గురించి రాస్తూ అంబేడ్కర్ పనులను పంచుకోవడానికీ, పనిచేసేవారిని మెట్లుగా పేర్చడానికీ మధ్య గీసిన గీతను ఓడలో కంటితో చూడవచ్చు.

ఓడలోనూ మెట్లున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. చెత్త పనులన్నీ జూనియర్ల నెత్తినే పడతాయి. శిక్షణలో ఉన్న కుర్రవాడికి ఓడెక్కిన మొదటి వారంలోనే మురుగు పంపు పరిచయం చేస్తారు. అది వేడుకగా చూసే సీనియర్లకూ కొదవలేదు. అయితే ఆ కుర్రవాడు ఎక్కుతాడు. పరీక్షలు రాసి పదేళ్ళు తిరిగేసరికి చీఫ్ ఇంజనీరు కావచ్చు. ఈసారి మరో కుర్రవాడు గొట్టం విప్పుతాడు. అది దశ. ఒడ్డున అదే పని జన్మ. ఉత్తరాంధ్ర పట్టణాల్లో రెల్లి కుటుంబాలు, హైదరాబాద్‌లో మెహతర్ కుటుంబాలు తండ్రి చీపురును కొడుకు అందుకోవడమే చూశాయి. ఆ నిచ్చెనకు రెండో మెట్టు లేదు.

అయినా ఓడను కులంలేని ద్వీపంగా చిత్రిస్తే చరిత్రకు ద్రోహం చేసినట్టే. బ్రిటిష్ కంపెనీల ఓడల్లో వేల సంఖ్యలో పనిచేసిన భారతీయ నావికులను లస్కర్లు అనేవారు. ఆ సిబ్బందిలో పైన సరంగు ఉండేవాడు. మన చేపల రేవుల్లో ఆ మాట ఇప్పటికీ బతికి ఉంది. అతడి కింద టిండాల్, తర్వాత కళాసీలు, వంటకు భండారీ. అందరికన్నా అడుగున ‘టోపాస్’. ఈ మాట ప్రయాణం చిత్రమైనది. 17, 18 శతాబ్దాల్లో పోర్చుగీసు సంతతిగా చెప్పుకున్న క్రైస్తవ సైనికులను ఆ పేరుతో పిలిచేవారు. తర్వాతి కాలంలో అది ఓడలో మరుగుదొడ్లు కడిగే మనిషి పేరుగా స్థిరపడింది. అతడి పని వేరు, మిగతావారి పని వేరు. ఆ పనికి ఎవరిని తీసుకోవాలో ఊరి కులవ్యవస్థే రేవులో కూర్చుని నిర్ణయించింది. నల్లసముద్రం దాటితే కులం పోతుందన్న భయం పై కులాల వారికి ఉండేదేమో గాని, అడుగు కులాల వారి కులం మాత్రం సముద్రంలో కరిగిపోలేదు. వారితో పాటే టికెట్టు లేకుండా ఓడెక్కింది.

రాయల్ ఇండియన్ నేవీలో కూడా టోపాస్ ఒక అధికారిక వర్గం. స్వాతంత్య్రం తర్వాత ఆ పని నౌకాదళంలో కొనసాగింది. పేరు మర్యాదగా మారింది. నియామక ప్రకటనల్లో ‘శానిటరీ హైజీనిస్ట్’ అని వచ్చింది. మరుగుదొడ్లను, ఇతర ప్రదేశాలను పరిశుభ్రంగా ఉంచడం అతడి విధి అని, ఆరో తరగతి చదివితే చాలునని ఆ ప్రకటనలు చెప్పేవి. నౌకాదళంలో చేరిన యువకుడికి అది యూనిఫాం, పింఛను, గౌరవం గల ఉద్యోగమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఒక విషయం గమనించాలి. గిన్నె పైభాగం ఆరో తరగతి చదివినవాడిది, గిన్నె అడుగున మొదలయ్యే గొట్టం డిగ్రీయో డిప్లొమాయో చదివినవాడిది. రెండింటి మధ్య దూరం జానెడు. రెండింటిలో ఉన్నదీ ఒకటే. ఆ జానెడు మేర కిందికి దిగగానే అది మురికి పని కాకుండా పోయి సాంకేతిక విద్య అవుతోంది.

ఈ మార్పు ఎలా జరిగిందో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. నీళ్ళు పోసి కడిగే కాలంలో ఓడ మరుగుదొడ్డి భారం ప్రధానంగా టోపాస్ మీదే ఉండేది. వాక్యూమ్ యంత్రం వచ్చాక పనిలోని కఠినమైన, ప్రమాదకరమైన భాగం యంత్రానికి, దాని వెంట ఇంజనీరుకు వెళ్ళింది. పనికి హోదా వచ్చింది. కానీ ఆ హోదా టోపాస్‌కు రాలేదు. తరతరాలుగా ఆ మురుగు స్వభావం తెలిసిన మనిషిని పిలిచి గేజి చదవడం నేర్పాలని, అతడిని వాక్యూమ్ టెక్నీషియన్ చేయాలని ఎవరికీ తోచలేదు. యంత్రం పనిని పైకెత్తి, పనివాడిని ఉన్న చోటే వదిలేసింది. అందుకే ఇందాక చెప్పిన బ్లీచింగ్, యాసిడ్ వంటి ప్రమాదాలు ఇంకా పొంచి ఉన్నాయి. పైనున్నవాడికి కిందివాడి జ్ఞానం చెప్పే అలవాటు లేనప్పుడు విషవాయువు ముందుగా ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఊహించడం కష్టం కాదు.

యంత్రం పూర్తిగా చేతులెత్తేసిన రోజు ఏమవుతుందో 2013 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. మెక్సికో సింధుశాఖలో కార్నివాల్ ట్రయంఫ్ అనే విహార నౌక ఇంజన్ గదిలో మంటలు లేచి కరెంటు పోయింది. వాక్యూమ్ పంపులకు కరెంటే ప్రాణం. సుమారు 4,200 మందితో ఓడ నాలుగైదు రోజులు దాదాపు మరుగుదొడ్లు లేకుండా తేలింది. ప్రయాణికులు సంచుల్లో విసర్జించవలసి వచ్చింది. వాటిని ఎత్తుకెళ్ళింది ఓడ సిబ్బంది. టీవీ చానెళ్ళు గంటగంటకూ చూపించాయి, కంపెనీ క్షమాపణ చెప్పి డబ్బు వాపసు చేసింది. విహారానికి వెళ్ళినవారికి ఆ నాలుగైదు రోజులు తీరని అవమానంగా తోచాయి, అందులో తప్పు లేదు. ఇతరుల మలాన్ని తట్టలో ఎత్తి నెత్తిన మోయడం మన దేశంలో నాలుగైదు తరాల దినచర్యగా సాగినప్పుడు ఆ పాటి కెమెరాలు ఎందుకు రాలేదన్నదే ప్రశ్న. చివరకు బెజవాడ విల్సన్ వంటివారు, సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి ఫొటోలు తీసి న్యాయస్థానం ముందు పెట్టవలసి వచ్చింది.

ఇక చట్టాల సంగతి. ఓడ మురుగు విషయంలో అంతర్జాతీయ సమాజం చాలా పట్టుదలగా ఉంది. మార్పోల్ ఒడంబడిక నాలుగో అనుబంధం ప్రకారం శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల వదలకూడదు; నలగ్గొట్టి క్రిమిరహితం చేసినదైనా 3 మైళ్ళు దాటాలి. అది సముద్రం కోసం. మనిషి కోసం కూడా నిబంధనలున్నాయి. సొంత మరుగుదొడ్డి లేని ప్రతి ఆరుగురు నావికులకూ కనీసం ఒక మరుగుదొడ్డి ఉండాలని సముద్ర కార్మిక ఒడంబడిక చెప్తోంది. భారతదేశం దాన్ని 2015లో ఆమోదించింది. ట్యాంకుల వంటి మూసి ఉన్న చోట్లలోకి దిగడం, దిగినవాడిని కాపాడడం ఎలాగో రెండు నెలలకు ఒకసారైనా కవాతు చేసి తీరాలని 2015 జనవరి నుంచి ప్రపంచవ్యాప్త నిబంధన అమలులో ఉంది. ఆక్సిజన్‌ను, మండే వాయువులను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే చేతి మీటరు ఓడలో ఉండాలని 2016 జూలై నుంచి మరో నిబంధన. మీటరు చూపకుండా, కాగితం మీద సంతకాలు పడకుండా, మూత దగ్గర కాపలా మనిషి నిలబడకుండా ఎవరూ దిగకూడదు. దిగనంటే ఉద్యోగం పోకూడదు.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగాక ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది కదా అని మనిషి ధైర్యం చేసే సమయానికి అది చంపడానికి సిద్ధంగా ఉంటుంది. ఒకడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడు, అతడి వెనుక మూడోవాడు పడిపోతారు. ఓడల్లోనూ ఇలాగే చనిపోయారు, ఇప్పటికీ అక్కడక్కడా చనిపోతున్నారు. అందుకే కవాతులు. మన పత్రికల్లో వచ్చే మ్యాన్‌హోల్ వార్తలు తిరగేయండి: ‘ముందు దిగిన వ్యక్తిని కాపాడబోయి’ అన్న వాక్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో! అదే వాయువు, అదే మరణం. తన జెండా ఎగిరే ఓడ ట్యాంకు దగ్గర మీటరు తప్పనిసరి అని ఒప్పుకున్న రాజ్యమే తన పట్టణపు మ్యాన్‌హోల్ దగ్గర మోకుతాడుతో సరిపెట్టుకుంటోంది. దీన్ని అజ్ఞానమనీ, వనరుల కొరత అనీ ఎలా అనగలం? ఓడలోకి దిగేవాడి ప్రాణానికీ మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడి ప్రాణానికీ వేర్వేరు వెలలు కట్టడం ఇది.

ఒడ్డున చట్టం లేదని కాదు. 1993లో ఒకటి, 2013లో మరొకటి వచ్చాయి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు మురుగు మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయితే 2013 చట్టంలోనే ఒక కన్నం ఉంది. ప్రభుత్వం ప్రకటించిన పరికరాలు, రక్షణ సామగ్రి ఇచ్చి పని చేయిస్తే ఆ మనిషిని మాన్యువల్ స్కావెంజర్‌గా పరిగణించనక్కర్లేదు. వాక్యం వినడానికి ఓడ నిబంధనలాగే ఉంటుంది. కానీ ఓడలో తొడుగు లేకపోతే తనిఖీ అధికారి ఓడను రేవులోనే ఆపగలడు. రోజుకు వేల డాలర్ల నష్టం. ఒడ్డున కాంట్రాక్టరు ఒక జత తొడుగులు కొని ఫొటో తీసిపెట్టుకుంటే చాలు, మనిషి చట్టం లెక్కలోంచి మాయమవుతాడు.

కొన్ని చోట్ల మంచి ప్రయత్నాలు జరగకపోలేదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు వీధుల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చి, వాటిని దళిత వ్యవస్థాపకుల చేతికి ఇచ్చింది. 2018లో కేరళ యువ ఇంజనీర్లు మ్యాన్‌హోల్ శుభ్రపరిచే బ్యాండికూట్ అనే రోబోను తెచ్చారు. ఇవి రావలసినవే. అయితే కేంద్రం నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల వారేనని 2024లో బయటికొచ్చిన లెక్క చెప్పింది. మూడింట రెండు వంతులకు మించి దళితులే. రిజర్వేషన్లంటే ప్రతిభ పోతుందని గోలపెట్టేవారు ఈ అప్రకటిత రిజర్వేషన్ మీద ఇంతవరకు ఒక్క పిటిషన్ కూడా వేసినట్టు లేదు. యంత్రాలు వచ్చినచోట లివర్ పట్టుకునేది ఎవరు, గొట్టంలో గుడ్డ ఇరుక్కుంటే వంగి తీసేది ఎవరు అన్న లెక్కను కూడా ఇదే తరహాలో సేకరించి ప్రకటించాలి.

వందేభారత్ పెట్టెల్లోకి వాక్యూమ్ మరుగుదొడ్లు వచ్చాయి గనుక ఓడ ప్రశ్న ఇప్పుడు కాజీపేటకూ విజయవాడకూ వచ్చినట్టే. పట్టాల మీద మలం పడే కాలంలో దాన్ని ఎత్తిన చేతులు ఎవరివో తెలిసిందే. ఇప్పుడు అదే మలం సన్నని గొట్టంలో పోతుంది. ఆ గొట్టాన్ని నిర్వహించే పని టెక్నీషియన్ పోస్టవుతుందా, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు కిందికి పోతుందా? రెండు ముక్కలుగా చీలి, గేజి ఒకరికీ గిన్నె మరొకరికీ పంచుతారా? ఓడలో టోపాస్‌కు జరిగినదే రైల్లోనూ జరిగేందుకు అన్ని దారులూ తెరిచి ఉన్నాయి.

దీన్ని ఆపాలంటే రెండు వైపుల నుంచీ తలుపులు తెరవాలి. ఇన్నేళ్ళు మురుగులో దిగినవారికి వాక్యూమ్ వ్యవస్థల, జెట్టింగ్ యంత్రాల, వాయు మీటర్ల నిర్వహణలో ప్రభుత్వ ఖర్చుతో, శిక్షణ కాలానికి జీతమిస్తూ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రానికి సూపర్‌వైజర్ దాకా పదోన్నతి ఉండాలి. చదువు లేదన్న సాకు చెల్లదు. శాఖ వాల్వు మూసి ముల్లు చూడడానికి, తలుపు దగ్గర ఈల వినడానికి కావలసింది శ్రద్ధ. అది వారి దగ్గర పుష్కలంగా ఉంది. రెండోది, ఆ పోస్టులు వారి కులాలకే మిగిలిపోకూడదు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో మురుగు వ్యవస్థల నిర్వహణను అన్ని కులాల పిల్లలూ చేరే గౌరవప్రదమైన ట్రేడుగా ప్రవేశపెట్టాలి. మెకానికల్ చదివే ప్రతి విద్యార్థీ ఓడలోని ట్రెయినీలాగే కొన్ని వారాలైనా గొట్టం విప్పి బిగించాలి. జీతం వచ్చే ఓడలో విప్పగలిగినవారు ఊళ్ళో ఎందుకు విప్పలేరో చెప్పవలసిన బాధ్యత వారి తల్లిదండ్రులది.

ఇవేమీ విప్లవ నినాదాలు కావు. పురపాలక సంఘాలు, రైల్వే డివిజన్లు మురుగు యంత్రాల కోసం పిలిచే టెండర్లలో రాయగల షరతులివి: యంత్రంతో పాటు ఎంతమంది పాత కార్మికులకు శిక్షణ ఇస్తారు, ఏ పేరుతో ఏ జీతం మీద తీసుకుంటారు, వాయు మీటరు ఎన్ని, కాపాడే కవాతు ఎన్ని నెలలకొకసారి, దిగనన్న మనిషికి రక్షణ ఏమిటి. టెండరు నోటీసులు బహిరంగంగానే వెలువడతాయి. మన పట్టణం పిలవబోయే తర్వాతి నోటీసులో వీటిలో ఎన్ని ఉన్నాయో విద్యార్థి సంఘాలు తెరిచి చూడవచ్చు. లేకపోతే ఎందుకు లేవని కమిషనర్‌ను లిఖితపూర్వకంగా అడగవచ్చు.